బెజవాడ డాబా మీద 8 అంగుళాల టెలిస్కోప్: ఎన్‌సెలడస్ కనిపించింది

గుణదలలో మా డాబా మీద ఏడాదిగా వాడుతున్న 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (చేత్తో తోసి తిప్పుకునే రకం) టెలిస్కోప్ గురించి రాస్తున్నాను. రూ.50,000 దాటింది. ఇంత పెట్టింది ఒక్కదాని కోసమే, శని చుట్టూ తిరిగే ఎన్‌సెలడస్‌ని నా కళ్లతో చూడాలని. దాని అడ్డకొలత 504 కిలోమీటర్లు, తిన్నగా గీత గీస్తే ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లి వచ్చినంత, అంతే. అంత బుల్లి చందమామ దక్షిణ ధ్రువం పగుళ్లలోంచి మంచు తుంపర అంతరిక్షంలోకి చిమ్ముతోందని 2005లో కాసిని నౌక చూపించినప్పటి నుంచి నాకు అదే ధ్యాస.

ముందు లోపాలు. పెట్టె విప్పేసరికి అద్దం అలైన్‌మెంట్ పోయి ఉంది, ఏ నక్షత్రం చూసినా తోక ఉన్నట్టే కనిపించేది, అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "అది అంతే సార్" అన్నారు. అంతే కాదు! స్క్రూలు తిప్పి సరిచేయడం నేర్చుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. దాంతో వచ్చిన 10 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) అంచుల్లో మసకే, 6 ఎంఎం విడిగా కొన్నాను. శని నడినెత్తికి దగ్గరగా ఉంటే గురి చూసుకునే ఆ తిన్నటి ఫైండర్ గొట్టంలో చూడటానికి మెడ విరుగుతుంది.

మన ఊళ్లో అసలు తంటా వేడి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, శని పారే నీళ్ల అడుగున రూపాయి బిళ్లలా వణుకుతుంది. గంట ముందే గొట్టం పైకి చేర్చాలి, పది దాటాక చూడాలి.

శని చందమామల్లో టైటాన్ మొదటి రాత్రే దొరికింది. రియా కూడా కష్టం కాదు. ఎన్‌సెలడస్ మాత్రం వలయం చివర నుంచి శని బింబం వెడల్పంత దూరం కూడా జరగదు, ఆ వెలుగులో మునిగిపోతుంది. 2025 నవంబరు చివర్లో వలయాలు మనకి అంచున నిలబడి సూదిలా సన్నబడ్డాయి, వెలుగు తగ్గింది. 1789లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎన్‌సెలడస్‌ని కనిపెట్టిందీ అలా సన్నబడిన ఏడాదే. అది 33 గంటల్లో శని చుట్టూ ఒక చుట్టు తిరిగేస్తుంది కాబట్టి బాగా దూరం జరిగే వేళ ఫోన్ యాప్‌లో చూసుకుని, 200 రెట్లు పెంచి, దాని వెలుగు అడ్డురాకుండా శనిని ఐపీస్ అంచు దాటించాను. చీకట్లో ఉప్పు రవ్వంత చుక్క. నేరుగా చూస్తే మాయం, కాస్త పక్కకి చూస్తే ఉంది! నిమిషానికోసారి గొట్టం తోసుకుంటూ అరగంట చూశాను, చేతులు వణికాయి. కింది వాటా పిన్నిగారిని పిలిస్తే ఆవిడకి ఆ చుక్క అందలేదు గానీ శనిని చూసి "ఇంత అందగాడా ఈయన!" అన్నారు.

శని వలయాలూ మన చందమామా చాలనుకుంటే 6 అంగుళాలది కొనండి, లిఫ్ట్ లేని ఇంట్లో దీన్ని పైకి మోయాలంటే రెండు ట్రిప్పులు. ఎన్‌సెలడస్ కోసమైతే ఇదే, అదీ త్వరగా. వలయాలు మళ్లీ విచ్చుకుంటున్నాయి.