సివిలైజేషన్ 6: మొదటి నూరు టర్నుల విస్తరణ, యుద్ధ సన్నాహం

వంతులవారీగా (టర్నులతో) ఒక రాజ్యాన్ని పెంచే కంప్యూటర్ ఆట సివిలైజేషన్ 6ను నేను 2018 నుంచి విడవకుండా ఆడుతున్నాను. 2016 అక్టోబరులో విడుదలైన ఈ ఆటకు 2018 ఫిబ్రవరిలో రైజ్ అండ్ ఫాల్, 2019 ఫిబ్రవరిలో గ్యాదరింగ్ స్టార్మ్ అనే రెండు పెద్ద అనుబంధాలు వచ్చాయి. ఆ రెండూ కలిసిన ఆటను స్టాండర్డ్ వేగంతో ఆడిన అనుభవాన్నే ఇక్కడ రాస్తున్నాను. 500 టర్నుల ఆటలో మొదటి నూరింటికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను, ఎందుకంటే ఆటలోని సారమంతా అక్కడే ఉందని నా నమ్మకం. నగరాలను ఎక్కడ స్థాపించాలన్న ప్రశ్న, పొరుగు రాజ్యంతో ఎప్పుడు తలపడాలన్న ప్రశ్న మొదట్లో నాకు వేర్వేరుగా కనిపించేవి. ఆ రెంటినీ కలిపి ఆలోచించడం మొదలుపెట్టిన తరువాతే ఈ ఆటలో నా ఫలితాలు మారాయి.

విస్తరణకు ఆట గట్టి మూల్యాన్నే అడుగుతుంది. కొత్త నగరాన్ని స్థాపించే దళమైన సెట్లర్ మొదటిదానికి నగరపు పనిశక్తి, అంటే ఉత్పత్తి, 80 కావాలి, ఆ తరువాత వచ్చే ప్రతి సెట్లర్ ముందటిదానికంటే ఖరీదవుతుంది, పైగా ప్రతి ఒక్కటీ నగర జనాభాలో ఒకరిని వెంట తీసుకుపోతుంది. దగ్గరగా పోరాడే వారియర్‌కు 40, దూరం నుంచి వడిసెల విసిరే స్లింగర్‌కు 35 ఉత్పత్తి చాలు కనుక, ఒక సెట్లర్‌ను తయారుచేయడమంటే ఇద్దరు సైనికులను వదులుకోవడమే. ఈ లెక్కను పట్టించుకోకుండా ఒకసారి నేను నలభై టర్నులలోపే ఐదు నగరాలు పెట్టి, వాటన్నిటికీ కలిపి ఇద్దరు వారియర్లను మాత్రమే కాపలాగా ఉంచాను. పొరుగున ఉన్నది సుమేరు రాజు గిల్గమెష్. అతని ప్రత్యేక రథదళమైన వార్ కార్టుకు ఏ సాంకేతిక విద్యా అవసరం లేదు, దాని బలం 30, నా వారియర్ బలం 20. ఎనిమిది టర్నుల్లో మూడు నగరాలు పోయాయి. మిగిలిన రెండింటితో ఆట కొనసాగించడంలో అర్థం లేదని తేలింది.

ఆ ఓటమి తరువాత నేను స్థిరపరచుకున్న క్రమం ఇది. మొదట దారులు వెతికే స్కౌట్, తరువాత స్లింగర్, ఆ తరువాత సెట్లర్, మళ్లీ స్లింగర్. మొదటి స్లింగర్ మీద పెట్టిన ఖర్చు ఎప్పుడూ వృథా కాలేదు. ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూకలైన బార్బేరియన్ల స్కౌట్ మన నగరాన్ని చూసి తన శిబిరానికి తిరిగి చేరిందంటే అక్కడి నుంచి దండు బయలుదేరుతుంది కనుక, ఆ స్కౌట్‌ను దారిలోనే ఆపగల మనిషి ఒకరు చేతిలో ఉండాలి. స్లింగర్‌తో ఒక శత్రువును చంపితే విలువిద్యకు యురేకా లభించి, ఆ పరిశోధనలో 40 శాతం భారం తగ్గుతుంది. ముగ్గురు బార్బేరియన్లను చంపితే కంచు విద్యకు యురేకా వస్తుంది, ఆ విద్య పూర్తికాగానే పటంలో ఇనుము ఎక్కడుందో కనిపిస్తుంది. అంటే కొత్త నగరాల దారిని శుభ్రం చేసే పనే రేపటి సైన్యానికి కావలసిన విద్యలను దగ్గరకు తెస్తుంది. ఈ అల్లికను ఆట ఎక్కడా విడమరచి చెప్పదు, ఆడేవారు తామే కనిపెట్టాలి. ఈ గుణం వల్లనే దీన్ని ఇన్నేళ్లు ఆడగలిగాను.

నగరాల స్థానాల విషయంలో నాకు మూడవ నగరం అన్నిటికంటే ముఖ్యం. రెండవ నగరాన్ని నిస్సంకోచంగా నది ఒడ్డున పెడతాను, ఎందుకంటే మంచినీరు ఉన్న చోట, జనాభా ఎంత పెరగగలదో నిర్ణయించే నివాస వసతి 5తో మొదలవుతుంది, లేని చోట 2తో ఆగిపోతుంది. మూడవ నగరాన్ని మాత్రం పొరుగు రాజ్యానికి ఎదురుగా, వీలైతే కొండ గడి మీద, శత్రువు నది దాటి రావలసిన చోట నిలుపుతాను. కొండ మీద నిలిచిన సైనికునికి రక్షణలో 3 బలం అదనంగా వస్తుంది, నది దాటి కొట్టేవాడికి 5 తగ్గుతుంది. ఏ రెండు నగరాల మధ్యనైనా కనీసం మూడు గడుల ఖాళీ ఉండాలన్న నియమం వల్ల, ఈ నగరం అక్కడ వెలిసిన క్షణం నుంచి పొరుగువాడు ఆ దగ్గరలో సెట్లర్‌ను దించలేడు. రేపు దాడి మనమే చేయదలిస్తే గాయపడిన దళాలు వెనక్కి వచ్చి కోలుకునేదీ, స్లింగర్లు విలుకాళ్లైన ఆర్చర్లుగా మారేదీ ఈ నగర సరిహద్దులోనే. దాని భూమి కొంచెం పేదదైనా నేను లెక్కచేయను.

ఇక యుద్ధ సన్నాహం. దీన్ని గురించి ఎక్కువమంది దళాల సంఖ్యతో మొదలుపెడతారు, నేను 25 బంగారు నాణేలతో మొదలుపెడతాను. పొరుగు రాజ్యం పరిచయమైన టర్నులోనే ప్రతినిధి బృందాన్ని పంపడానికి అయ్యే ఖర్చు అంతే. ఆ మొదటి టర్నులో వారు సాధారణంగా కాదనరు. దీనివల్ల సంబంధం కొంత మెరుగుపడి, మనం సిద్ధంగా లేని కాలంలో వారు మన మీదికి వచ్చే అవకాశం తగ్గుతుంది. అంతకంటే విలువైనది మరొకటి ఉంది. అవతలి రాజ్యపు వ్యవహారాలు మనకు ఎంత తెలుసునన్న దానికి ఆటలో స్థాయిలున్నాయి, ప్రతినిధి బృందం మనల్ని ఒక స్థాయి పైకి తీసుకుపోతుంది. వారికి మన గురించి తెలిసినదానికంటే మనకు వారి గురించి ఎక్కువ తెలిస్తే, తేడా ఉన్న ప్రతి స్థాయికీ మన దళాలన్నిటికీ పోరాటంలో 3 బలం కలుస్తుంది. వారి నగరానికి ఒక వర్తకుణ్ణి పంపితే మరో స్థాయి పెరుగుతుంది.

ఆ వర్తకుడు చేసే మేలు అక్కడితో ఆగదు. ఈ ఆట తొలి యుగాలలో రోడ్లను వేసేది నిర్మాణ పనివాడైన బిల్డర్ కాదు, వర్తకుడు నడిచిన దారే రోడ్డవుతుంది. అడవులు, కొండలు అడ్డున్న చోట దళం ఒక్కో గడికి ఒక్కో టర్ను తీసుకుంటుంటే, రోడ్డు మీద అదే దళం రెండు గడులు సాగుతుంది. అందువల్ల దాడికి ముప్పై టర్నుల ముందే నా సరిహద్దు నగరం నుంచి పొరుగు నగరానికి వర్తకుణ్ణి నడిపిస్తాను. శాంతికాలంలో అతను బంగారం తెస్తాడు, వెళ్లిన దారిని సైన్యానికి సిద్ధంగా ఉంచుతాడు. అతను తిరిగి వచ్చే సమయానికి విలువిద్య పూర్తయి ఉండేలా చూసుకుని, కూడబెట్టిన బంగారంతో నాలుగు స్లింగర్లను ఒక్కొక్కటి 60 చొప్పున ఆర్చర్లుగా మార్చుకుంటాను. ఆర్చర్‌ను నేరుగా తయారుచేయడానికి 60 ఉత్పత్తి కావాలి కనుక, 35తో స్లింగర్‌ను చేసి మిగిలినది బంగారంతో పూరించడం నగరాలకు ఊపిరి ఇస్తుంది. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ అనే సామాజిక విద్య (సివిక్) తరువాత దొరికే అగోగే పాలసీ కార్డు, అంటే రాజ్యం అమలుపరచే ఒక విధానం, ఈ దళాల ఉత్పత్తిని 50 శాతం పెంచుతుంది. ఎర్లీ ఎంపైర్ అనే మరో సివిక్‌తో వచ్చే కాలొనైజేషన్ కార్డు సెట్లర్లకు అంతే పెంపు ఇస్తుంది. కార్డు ఉన్న కాలంలో ఆ పని అంతా ఒక్కసారిగా చేసి, తరువాత కార్డు మార్చుకోవాలి. అన్నీ కొంచెం కొంచెంగా చేసేవారికి ఈ ఆట ఎన్నడూ అనుకూలించదు.

దాడికి తగిన కాలం మాత్రం తక్కువ. ప్రాకారం లేని నగరం తనంత తాను బాణం వేయలేదు, దాని ఆయువు 200. నాలుగు ఆర్చర్లు, రెండు వారియర్లు ఉంటే అది ఐదారు టర్నుల్లో లొంగుతుంది. చుట్టూ ఉన్న గడులన్నీ మన దళాల అదుపులోకి వస్తే నగరం తనను తాను బాగుచేసుకోలేదు కనుక, ముట్టడి పూర్తిచేయకుండా బాణాలు వేయడం వృథా. ఎంతమంది ఆర్చర్లున్నా నగరంలోకి ప్రవేశించేది దగ్గరగా పోరాడే దళమే కాబట్టి, చివరి దెబ్బ వరకు ఒక వారియర్‌ను బతికించుకోవాలి. పోరాట అనుభవంతో దానికి వచ్చిన ప్రమోషన్‌ను వెంటనే వాడకుండా దాచిపెడతాను. ప్రమోషన్ తీసుకున్న టర్నులో 50 ఆయువు తిరిగివస్తుంది, ముట్టడి మధ్యలో దానికి మించిన మందు లేదు. అవతలివారు రాతి కట్టడాల విద్య మేసన్రీ నేర్చి ప్రాకారాలు కట్టేశారంటే ఆర్చర్ల కాలం అయిపోయినట్లే. అప్పుడు గోడలను గుద్దే బ్యాటరింగ్ రామ్ కావాలి, లేదా ఇంజనీరింగ్ విద్య వరకు ఆగి రాళ్లు విసిరే కాటపుల్ట్‌లతో రావాలి.

ఆకస్మిక యుద్ధానికి 150, ముందుగా ఖండించి ఐదు టర్నులు ఆగి ప్రకటించే యుద్ధానికి 100 గ్రీవెన్సులు, అంటే మన మీద ఫిర్యాదు పాయింట్లు, పడతాయి. తొందర లేనప్పుడు ఆ ఐదు టర్నులు ఆగడమే మేలు. ఈ సందర్భంలో చంద్రగుప్తుని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చిన ఈ నాయకునికి అర్థశాస్త్రం పేరుతోనే ఒక శక్తి ఉంది. మిలిటరీ ట్రైనింగ్ సివిక్ సాధించిన తరువాత అతను భూవిస్తరణ యుద్ధాన్ని ప్రకటిస్తే, మొదటి పది టర్నులు అతని దళాలకు నడకలో 2, బలంలో 5 అదనంగా వస్తాయి. పక్కనున్న శత్రువుల బలాన్ని 5 తగ్గించే వరు అనే భారతీయ ఏనుగు దళం దీనికి తోడైతే, పది టర్నుల్లో ముగించవలసిన యుద్ధాన్ని ఎంత ముందుగా సిద్ధం చేయాలో ఈ నాయకుడితో ఆడితే బాగా తెలుస్తుంది. కొత్తవారికి నేను మొదట సూచించే నాయకుడు ఇతనే. అతని రాజ్యంలో మెట్ల బావులు కట్టుకుంటూ ఆడడంలో నాకు వేరే సంతోషం కూడా ఉంది.

గెలిచిన నగరాన్ని నిలుపుకోవడం మరో పరీక్ష. తొమ్మిది గడుల దూరంలోపు ఉన్న నగరాల జనాభా విధేయత మీద ఒత్తిడి తెస్తుంది కనుక, శత్రు రాజధాని పక్కనున్న చిన్న నగరాన్ని మాత్రమే పట్టుకుంటే అది కొద్ది టర్నుల్లోనే తిరగబడవచ్చు. గవర్నర్‌ను కూర్చోబెడితే టర్నుకు 8 విధేయత లభిస్తుంది, అయితే అతను స్థిరపడడానికి సాధారణంగా ఐదు టర్నులు పడుతుంది. అందువల్ల వీలైనంతవరకు రాజధానినే ముందు లక్ష్యంగా పెట్టుకుంటాను.

లోపం లేదనను. కష్టస్థాయి పెరిగినకొద్దీ కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులు తెలివిగా ఆడరు, వారికి ఉచితంగా వచ్చేవి మాత్రం పెరుగుతాయి. అత్యున్నతమైన డీటీ స్థాయిలో వారు మూడు సెట్లర్లతో, ఐదుగురు వారియర్లతో, పోరాటంలో 4 అదనపు బలంతో మొదలవుతారు. దీనివల్ల మొదటి యాభై టర్నులు నిజంగా ఊపిరి బిగపట్టి ఆడవలసి వస్తుంది. కానీ మన ప్రాకారాలు లేచిన తరువాత వారు వాటిని ఛేదించడం నేను చాలా అరుదుగా చూశాను, అంతటితో ప్రమాదం తీరిపోతుంది. ఇంత చక్కని ఆరంభం ఉన్న ఆటకు ఈ బలహీనత నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నేను మొదలుపెట్టిన ఆటలలో సగానికి పైగా నూట ఇరవయ్యవ టర్ను దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు ఎంపరర్ అనే కష్టస్థాయిలో, భూమంతా ఒకే ఖండంగా ఉండే పాంజియా పటం మీద, ఎనిమిది రాజ్యాలతో ఆడుతున్నాను. పొరుగు రాజ్యాలు దగ్గరగా ఉండే ఈ అమరికలో ఆ మొదటి నూరు టర్నులు పూర్తి బరువుతో దొరుకుతాయి.