గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) సన్నద్ధతకు పైరసీ వీడియోలా, ఎన్‌పీటీఈఎల్ పాఠాలా?

ఖర్చు: టెలిగ్రామ్‌లో తిరిగే పైరసీ కోచింగ్ వీడియోలు చౌకే. అయితే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం. ధ్రువపత్రం కోరి పరీక్ష రాసేవారే రుసుము చెల్లించాలి.

శ్రమ: కోచింగ్ వీడియో పరీక్షకు కావలసినంతే చెబుతుంది. ఎన్‌పీటీఈఎల్ అధ్యాపకుడు సూత్రాన్ని మూలం నుంచి రాబడతాడు కనుక సమయం ఎక్కువ పడుతుంది, కానీ విదేశీ విద్యార్థులతో పోటీపడే పరిశోధన స్థాయిలో ఆ పునాదే నిలబెడుతుందని నా దృఢ విశ్వాసం.

ప్రమాదం: పైరసీ ఫైళ్లలో తెగిన పాఠాలు, పాత సిలబస్, మాల్‌వేర్ ఉండవచ్చు. తెలిసి కాపీలు పంచేవారికి 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఎవరికి ఏది: ఏడాది గడువున్నవారికి ఎన్‌పీటీఈఎల్ సరిపోతుంది. కొద్ది నెలలే మిగిలినవారు కూడా పైరసీ జోలికి పోకుండా, గేట్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాత ప్రశ్నపత్రాలను సాధన చేస్తూ, బలహీనంగా ఉన్న అంశాలకు మాత్రమే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూడడం మేలు.