రికో జీఆర్ 3: బెజవాడ వీధుల్లో స్త్రీలను ఫోటో తీసేవారికి

నగరంలో తమ పనుల్లో ఉన్న స్త్రీలను, పోజు పెట్టించకుండా ఫోటో తీయాలనుకునేవారు కెమెరా ఎంచుకునేటప్పుడు లెన్సు నాణ్యత కన్నా ముందు మర్యాద గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. ఆ దృష్టితో చూస్తే 2019లో వచ్చిన రికో జీఆర్ 3 బెజవాడకు బాగా తగిన కెమెరా.

దీనికి జూమ్ లేదు; కోణం 28 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం, అంటే విశాలంగా ఉంటుంది. బీసెంట్ రోడ్డులో గాజులు బేరమాడుతున్న స్త్రీ ఫ్రేములో నిండుగా కనిపించాలంటే ఆమెకు రెండు మీటర్ల లోపుకు వెళ్లక తప్పదు. అంత దగ్గర నిలబడిన మనిషిని ఆమె కూడా చూస్తుంది. ఇష్టం లేకపోతే ముఖం తిప్పుకోగలదు, చేయి అడ్డుపెట్టగలదు, ఎందుకు తీస్తున్నారని నిలదీయగలదు. అవతలి పేవ్‌మెంట్ నుంచి, దూరంలో ఉన్నవారిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సుతో తీసినప్పుడు ఆమెకు ఆ అవకాశమే ఉండదు కనుక, అటువంటి ఫోటోలు ఎంత అందంగా వచ్చినా నాకు దొంగచూపులుగానే తోస్తాయి. పైగా జీఆర్‌కు కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు కాబట్టి తీసేవారి ముఖం కెమెరా వెనుక దాగదు. షికాగో వీధుల్లో ఫోటోగ్రాఫర్ వివియన్ మేయర్ వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాను కూడా కంటికి ఆనించకుండా, ఛాతీ దగ్గర పట్టుకొని పైనుంచి చూస్తూ తీసేవారు.

ఫోకస్ దూరాన్ని ముందే నిర్ణయించుకునే స్నాప్ ఫోకస్ ఈ కెమెరాకు ప్రాణం. దూరాన్ని రెండు మీటర్లకు, అపర్చర్‌ను (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్8కు పెట్టుకుంటే దాదాపు ఒక మీటరు నుంచి వీధి చివరి దాకా స్పష్టంగా వస్తుంది, ఫోకస్ కోసం ఆగనక్కరలేదు. 2025 ఆగస్టులో స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం మొదలైన తరువాత పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో సంచులు సర్దుకుంటూ బస్సెక్కే స్త్రీలను తీయడానికి ఈ వేగం ఎంతో అవసరం. విశాలమైన కోణం వల్ల ఆమెతోపాటు బస్సు బోర్డు, పక్క ప్రయాణికులు, చంకలోని బిడ్డ కూడా ఫ్రేములోకి వచ్చి, ఆమె ఏ ఊరికి ఏ పని మీద వెళుతోందో ఊహించే వీలు కలుగుతుంది. తీసిన వెంటనే తెరపై ఆమెకు చూపించాలి, వద్దంటే ఆమె ఎదుటే తొలగించాలి. బరువు 257 గ్రాములే కనుక ఆ చిన్న కెమెరాను చూసి బెదిరేవారు కూడా తక్కువ.

బ్యాటరీ సుమారు 200 ఫోటోలకే సరిపోతుంది, రెండోది తప్పనిసరి. దుమ్ము, తేమల నుంచి రక్షణ లేదు, కాబట్టి వన్‌టౌన్ సందుల్లో తిరిగేవారు సంచిలో పెట్టుకోవడం మేలు. ఇంతకన్నా ఇరుకైన 40 మిల్లీమీటర్ల కోణమున్న జీఆర్ 3ఎక్స్ 2021లో వచ్చింది, కానీ బీసెంట్ రోడ్డు రద్దీలో వెనక్కు జరగడానికి చోటు దొరకదు కనుక నేను 28నే సూచిస్తాను.