సబ్‌టైటిల్‌లో పోయిన ‘నువ్వు’: బీఎల్ సిరీస్‌ల కోసం కట్టిన ఏడాది చందాపై సమీక్ష

బెంగళూరులోని మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న నేను, కిందటి ఏడాది ఆసియా దేశాల సిరీస్‌లు చూపించే ఒక ఓటీటీ సేవకు ఏడాది చందా కట్టాను. ఇద్దరు మగవాళ్ల మధ్య పుట్టే ప్రేమను కథగా తీసుకొని థాయ్‌లాండ్, జపాన్, కొరియా, తైవాన్ వంటి చోట్ల తీసే బీఎల్ సిరీస్‌ల కోసమే ఆ డబ్బు కట్టాను. ఏడాది పొడుగునా చూసిన తర్వాత నా అభిప్రాయం ఇది: బొమ్మ విషయంలో ఈ సేవ మాట నిలబెట్టుకుంది, మాట విషయంలోనే నిలబెట్టుకోలేదు.

ముందు మంచి చెప్పాలి. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, పాత సిరీస్‌లు కూడా దొరుకుతాయి, డౌన్‌లోడ్ సదుపాయం ఎప్పుడూ మొరాయించలేదు. రాత్రి తొమ్మిది దాటితే మా పీజీ వైఫై నత్తనడక నడుస్తుంది కాబట్టి, పొద్దున్నే ఒక ఎపిసోడ్ దించుకొని, సాయంత్రం సిల్క్‌బోర్డు నుంచి వచ్చే బస్సులో చూసేదాన్ని. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఎపిసోడ్ ఇంటికి చేరేలోపే అయిపోయేది. ఏడాదికి కట్టిన మొత్తం నా ఒక నెల మెస్ బిల్లులో సగం కూడా లేదు కాబట్టి ధర విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు సబ్‌టైటిళ్ల మీద. నాకు థాయ్ రాదు, జపనీస్ రాదు. ఈ కథలు నాకు చేరేది తెర అడుగున వచ్చే ఆ రెండు వరుసల ఇంగ్లీషులోనే. అయితే తెలుగు చెవి ఉన్నవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. మనిషిని మనిషి ఎలా పిలుస్తున్నాడు, ‘మీరు’ ఎక్కడ ‘నువ్వు’ అయింది, ‘నువ్వు’ పక్కన ‘రా’ ఎప్పుడు చేరింది అన్నదాన్ని బట్టి ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో మనం పసిగట్టగలం. థాయ్ భాషలోనూ అంతే. ప్రాణస్నేహితులు తమలో తాము ‘కూ’, ‘మూంగ్’ అని మోటుగా మాట్లాడుకుంటారు. అవే మాటలు పరాయివాళ్లతో అంటే తిట్టినట్టే లెక్క. వయసులో పెద్దవారిని ‘పీ’ అంటారు, చిన్నవారిని ‘నాంగ్’ అంటారు. నేను చందా కట్టిన సేవలో ఇవన్నీ కలిసి ఒకే ఒక్క ‘యూ’ అయిపోయాయి. నటుడు గొంతు తగ్గించి పిలుపు మార్చినట్టు చెవికి తెలుస్తూనే ఉంటుంది, కింద అక్షరాల్లో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఇది ఎంత నష్టమో 2016లో వచ్చిన ‘సోటస్’ సిరీస్‌ను తలచుకుంటే తెలుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం విద్యార్థి ఆర్థిత్, మొదటి సంవత్సరంలో చేరిన కాంగ్‌పాప్ దాని కథానాయకులు. ఆర్థిత్ జూనియర్లను వరుసలో నిలబెట్టి కేకలు వేస్తుంటే, కాంగ్‌పాప్ ఎదురు చెబుతూనే అతన్ని ‘పీ’ అని పిలుస్తాడు. ఎదిరించినప్పుడూ అదే పిలుపు, ప్రేమించినప్పుడూ అదే పిలుపు. తెలుగులో వరుస మారితే పిలుపు మారాలి. అన్న వేరు, బావ వేరు. ‘పీ’లో రెండూ ఇముడుతాయి, వయసులో పెద్దవాడైన భర్తను భార్య పిలిచేదీ ఆ మాటతోనే. దాన్ని తీసేసి పేరు ఒక్కటే వేస్తే, గౌరవం మెల్లగా చనువుగా మారిన తీరు చూసేవాళ్లకు అందదు. ఆర్థిత్ అనే పేరు మన ‘ఆదిత్య’ అన్న మాటేనని, అక్కడ కూడా దానికి అర్థం సూర్యుడేనని తెలిసిన రోజున నేను పొందిన ఆనందాన్ని కూడా ఆ సబ్‌టైటిల్ నాకు ఇవ్వలేదు, వెతుక్కొని తెలుసుకున్నాను.

ఆ సిరీస్ అంటే ఇంత ఇష్టం ఉన్నా, ర్యాగింగ్‌ను అనుబంధానికి మెట్టుగా చూపించిన తీరును నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కాలేజీలో చేరిన నేను కూడా తలకు నూనె పట్టించి, రెండు జడలు వేసుకొని, సీనియర్ అక్కల ముందు నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆ అవమానం ప్రేమకు దారి తీస్తుందని చెప్పే కథను ఎంత బాగా నటించినా ఆ మేరకు తప్పుపట్టవలసిందే.

మా గదిలో ఉండే నెల్లూరు అమ్మాయి నాకంటే నాలుగేళ్లు చిన్నది. చేరిన కొత్తలో ‘అక్కా, మీరు’ అనేది. ఒక రాత్రి ఇద్దరం ఒకే ఫోన్‌లో ఎపిసోడ్ చూస్తుండగా, పెరుగన్నం గిన్నె నా వైపు జరిపి, ‘అక్కా, నువ్వు తినలేదు కదా’ అంది. తను అన్నది తనకు తెలియలేదు. నాకు మాత్రం తెరమీద ఎన్ని వారాలుగా ఏది కనబడకుండా పోతోందో అప్పుడు సరిగ్గా అర్థమైంది.

మరో లోపం మనసులోని మాటకు సంబంధించినది. 2020లో టీవీ టోక్యోలో వచ్చిన ‘చెర్రీ మ్యాజిక్’ కథంతా దాని మీదే నడుస్తుంది. ముప్పై ఏళ్లు నిండిన అదాచికి, తాను తాకిన మనిషి మనసులోని మాట వినబడే శక్తి వస్తుంది. కిక్కిరిసిన లిఫ్టులో తోటి ఉద్యోగి కురోసావా తనను ప్రేమిస్తున్నాడని అలాగే తెలుస్తుంది. పైకి మర్యాదగా ఒక మాట, లోపల తడబడే మాట ఒకటి: ఈ రెండూ వేరువేరుగా కనబడకపోతే అలాంటి కథకు ఊపిరి ఉండదు. నేను ఈ సేవలో చూసిన మరొక జపాన్ సిరీస్‌లో లోపలి గొంతునూ పైకి పలికిన మాటనూ ఒకే రకం అక్షరాలతో వేశారు. అక్షరాలను కాస్త వాలుగా వేస్తే తీరిపోయే సమస్య అది.

చైనా సిరీస్ ‘ది అన్‌టేమ్డ్’ సంగతి ఇంకా సున్నితమైనది. మూల నవలలో ప్రేమికులైన ఇద్దరిని, 2019లో వచ్చిన ఈ 50 ఎపిసోడ్ల సిరీస్‌లో స్నేహితులుగానే చూపవలసి వచ్చింది. చెప్పకూడని ప్రేమ బరువంతా ‘జీజీ’ అనే ఒక్క మాట మోస్తుంది. నన్ను నన్నుగా ఎరిగినవాడు అని దాని భావం. అటువంటి చోట అనువాదకులు ‘ఫ్రెండ్’ అని వేసి ఊరుకుంటే, సెన్సారు తీసేయగా మిగిలిన ఆ కాస్తను కూడా వాళ్లు తీసేసినట్టే.

ఈ లోపాలను ఎపిసోడ్, నిమిషంతో సహా రాసి సేవవారికి రెండుసార్లు పంపాను. రెండుసార్లూ ధన్యవాదాలు తెలిపే ఒకే ఉత్తరం వచ్చింది, సబ్‌టైటిళ్లు మారలేదు. మొదటిసారి బీఎల్ చూడబోయేవారు వెంటనే ఏడాది చందా కట్టవద్దని నా సలహా. థాయ్ సంస్థ జీఎంఎంటీవీ తన సిరీస్‌లు చాలావాటిని యూట్యూబ్‌లో ఒక్కో ఎపిసోడ్‌ను నాలుగు భాగాలు చేసి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో ఉచితంగా పెట్టింది. ‘బ్యాడ్ బడ్డీ’తో మొదలుపెట్టండి. మరీ కావలసిన సిరీస్ పూర్తయ్యాక ఒక నెలకు మాత్రం చందా కట్టి చూస్తే చాలు. నేను ఆటో డెబిట్ రద్దు చేసి, ఈ నెల అలాగే కట్టాను. ‘పీ’ అన్న పిలుపు వచ్చిన ప్రతిచోటా ఎపిసోడ్ ఆపి, ఇక్కడ ఏమన్నాడో మా నెల్లూరు అమ్మాయికి చెబుతున్నాను.