గ్రాండ్ టూరా, షిల్లింగు టికెట్టా?

18వ శతాబ్దంలో ఇంగ్లండ్ దొరబాబు 'గ్రాండ్ టూర్' పేరుతో, అంటే చదువులో భాగంగా యూరప్ తిరిగే యాత్రలో, ఇటలీ చూసి రావాలంటే ఒక్కోసారి ఏళ్లు పట్టేది. వెంట ఒక ట్యూటర్. అతనికి జనం పెట్టిన పేరు 'ఎలుగుబంటిని తిప్పేవాడు'. ఆల్ప్స్ కనుమల దగ్గర గుర్రబ్బండిని ఊడదీసి కంచరగాడిదల మీదికెక్కించేవారు. బాబుగారిని కుర్చీలో కూర్చోబెట్టి కూలీలు మోసేవారు. రోమ్ చేరాక బటోనీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించుకోవడం ఒక ఫ్యాషన్, వెనకాల ఏ పాత విగ్రహమో కనిపించేలా.

జనాన్ని గుంపులుగా యాత్రలకి తీసుకెళ్లిన ఇంగ్లండ్ వ్యాపారి థామస్ కుక్ సంగతి వేరు. 1841 జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైలు, మనిషికి ఒక షిల్లింగు, సుమారు 500 మంది. వెళ్లింది మద్యపాన వ్యతిరేక సభకి! 1864లో ఇటలీకీ జనాన్ని తీసుకెళ్లాడు.

చదువని బయల్దేరి జూదంలో డబ్బు తగలేసిన బాబులూ ఉన్నారు కాబట్టి నా ఓటు షిల్లింగుకే. కాకపోతే, రోమ్‌లో నెలల తరబడి తీరిగ్గా ఉండటం ఆ టికెట్‌తో వచ్చేది కాదు.