రన్‌ఆఫ్స్ వేదికలు: పేరున్న ట్రాక్ వేరు, పనికొచ్చే ట్రాక్ వేరు

స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అదే ఎస్‌సీసీఏ, అమెచ్యూర్ డ్రైవర్లకు ఏటా నిర్వహించే జాతీయ ఛాంపియన్‌షిప్ రన్‌ఆఫ్స్. 1970 నుంచి 1993 దాకా అది రోడ్ అట్లాంటాను వదలలేదు. 2014 నుంచి మాత్రం లగూనా సెకా, డేటోనా, మిడ్-ఒహాయో, ఇండియానాపొలిస్, సొనోమా, వీఐఆర్ (వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వే), రోడ్ అమెరికా అంటూ తిరుగుతోంది. దాంతో ట్రాక్‌లూ, వాటి చుట్టుపక్కల ప్రాంతీయ క్లబ్బులూ ఆతిథ్యం కోసం పోటీపడుతున్నాయి. ఎంట్రీ ఫీజు కట్టే డ్రైవర్‌కి వీటిలో ఏది మేలు?

మా లెక్కలో మొదటిది రోడ్ అమెరికా. ల్యాప్ 4.048 మైళ్లు, 14 మలుపులు, ప్యాడక్ (జట్లు కార్లు నిలిపి బాగుచేసుకునే చోటు) విశాలం. ట్రెయిలర్ నిలిపి, పక్కనే గేర్‌బాక్స్ దించుకునేంత చోటు దొరుకుతుంది. అయితే కారుకి మాత్రం గట్టి పరీక్షే. పొడవాటి స్ట్రెయిట్ చివర వచ్చే ఐదో మలుపులో పాత బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిపోయి పెడల్ మెత్తబడుతుంది. బయల్దేరే ముందే కొత్తది పోసి, గాలి బుడగలు పూర్తిగా తీసేయాలి. కారౌసెల్ చాలాసేపు సాగే కుడి మలుపు. అక్కడ సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ ఎడమకు పోగుపడి, దాన్ని పీల్చే పికప్‌కి అందదు, ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పోతాయి. ఆయిలంతా ఆ తొట్టిలోనే ఉండే వెట్ సంప్ కారైతే, ఆయిల్ పక్కకు పోకుండా ఆపే బాఫిల్ (అడ్డుపలక) లేకుండా ఇక్కడికి తీసుకురావద్దు. ఒక లోపం: ల్యాప్ పొడవు కాబట్టి, ఒక్క ఫుల్ కోర్స్ ఎల్లో (ప్రమాదం వల్ల ట్రాకంతా కార్లు నెమ్మదిగా, దాటుకోకుండా నడవాల్సిన సమయం) వచ్చినా రేసులో పెద్ద ముక్క కరిగిపోతుంది.

డేటోనా 2015లో వచ్చింది. 31 డిగ్రీల బ్యాంకింగ్ (వాలుగా కట్టిన మలుపు) మీద కుడి టైర్లపై విపరీతమైన భారం పడుతుంది. నెగెటివ్ క్యాంబర్ (టైరు పైభాగం కారు వైపు వాలి ఉండటం) ఎక్కువుంటే లోపలి అంచు వేడెక్కి పొక్కులు లేస్తుంది. సస్పెన్షన్ కిందికి నొక్కుకుపోయి టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది. క్యాంబర్ తగ్గించి రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) పెంచితే ఇన్‌ఫీల్డ్‌లో (ట్రాక్ లోపలి మెలికల భాగంలో) పట్టు పోతుంది. టైర్ కంపెనీ చెప్పిన క్యాంబర్, ప్రెషర్ పరిమితులు దాటకుండా, ఇన్‌ఫీల్డ్‌లో కొంత నష్టానికి ఒప్పుకోవడమే దారి.

పేరుకున్న బలం ఇండియానాపొలిస్‌లో తెలిసింది: 2017లో ఎంట్రీలు 900 దాటాయి. మరుసటి ఏడాది పడమటి తీరాన కాలిఫోర్నియాలోని సొనోమాకి వెళ్తే బాగా పడిపోయాయి. ట్రాక్ మంచిదే, కానీ తూర్పు తీరం నుంచి కారు లాక్కుని ఖండమంతా దాటాలంటే సెలవులు చాలవు, డీజిల్ ఖర్చూ తట్టుకోలేం.

ఆతిథ్య బిడ్‌లలో ఎక్కువగా కనిపించేవి గ్యారేజీలూ, విందు ఏర్పాట్లూ. అసలు తేలాల్సింది మూలమలుపుల దగ్గర జెండాలు పట్టే వాలంటీర్ల సంగతి. ఒక్కో పోస్టులో కనీసం ఇద్దరుండాలి, ఎదురెదురుగా నిలబడి: ఒకరు వచ్చే కార్లను చూసి నీలి జెండా (వెనక వేగమైన కారు వస్తోందన్న సూచన) ఊపాలి, రెండోవారు ముందున్న ట్రాక్‌ని చూస్తూ పసుపు జెండా (ముందు ప్రమాదం ఉందన్న హెచ్చరిక) సిద్ధంగా పట్టుకోవాలి. హెడ్‌సెట్‌లో కంట్రోల్‌తో మాట్లాడటానికి, వంతు మార్చడానికి మూడో మనిషి లేకపోతే వారం మధ్యకే అలసిపోతారు. మనుషులు సరిపడా లేకపోతే సెషన్ మొదలవదు, మన క్వాలిఫయింగ్ సమయం కోసుకుపోతుంది. పొరుగు క్లబ్బు అదే వారాంతంలో సొంత రేసు పెట్టుకుంటే ఉన్న వాలంటీర్లూ చీలిపోతారు. అందుకే పొరుగు క్లబ్బులతో తేదీలు ముందే తేల్చుకుని, పోస్టుల వారీగా పేర్లు రాసిచ్చిన బిడ్‌కే మా మద్దతు.