74 పక్కనున్న అక్షరాలే అసలు కథ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

లాజిక్ చిప్‌లలో (హై, లో సిగ్నళ్లతో పనిచేసే చిన్న ఐసీలు) నేను ఎక్కువగా వాడింది 74హెచ్‌సీ రకమే. 74 తర్వాతి అక్షరాలు రకాన్ని, ఆ తర్వాతి నంబరు చిప్ చేసే పనిని చెబుతాయి. పాత 74ఎల్ఎస్ రకం కన్నా కరెంటు చాలా తక్కువ తాగుతుంది, 2 నుంచి 6 వోల్టుల దాకా పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ సర్క్యూట్లకీ పనికొస్తుంది. నచ్చింది, ఇప్పటికీ అదే కొంటాను. కానీ ఏడిపించింది కూడా.

మొదట్లో నంబరు చూసి కొనేసేవాణ్ణి, మధ్యలో అక్షరాలు ఎవడు చూశాడు! 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ పిన్నులు తీసుకెళ్లి 5 వోల్టుల మీద నడుస్తున్న హెచ్‌సీ595కి (కొద్ది పిన్నులతోనే ఎనిమిది అవుట్‌పుట్‌లు నడిపించే షిఫ్ట్ రిజిస్టర్ చిప్) నేరుగా కలిపేశాను, టేబుల్ మీద రెండు వారాలు బుద్ధిగా పనిచేసింది, తీరా పెట్టెలో బిగించాక లైట్లు వాటిష్టం వచ్చినట్టు వెలగడం మొదలుపెట్టాయి. కోడ్‌లో తప్పుందని మూడు రాత్రులు వెతికాను. తప్పు అక్కడ లేదు. 5 వోల్టుల సప్లై ఉన్నప్పుడు హెచ్‌సీ ఇన్‌పుట్ కచ్చితంగా 'హై' అనుకోవాలంటే సుమారు 3.5 వోల్టులు కావాలి, నేనిచ్చేది 3.3, అంటే అన్నాళ్లూ అదృష్టం మీద నడిచిందన్నమాట. అదే చిప్ 74హెచ్‌సీటీ రకంలో తీసుకుంటే 2 వోల్టులు చాలు. చిప్ ఒక్కటి మార్చాను, గొడవ వదిలింది. అయితే హెచ్‌సీటీకి సప్లై 4.5 నుంచి 5.5 మధ్యలోనే ఉండాలి, బ్యాటరీ మీద పెడదామంటే కుదరదు.

అదే 595తో ఇంకో తెలివితక్కువ పని: ఎనిమిది ఎల్ఈడీలు, ఒక్కోదానికి 15 మిల్లీఆంప్‌లు. పిన్ను లెక్క చూసుకున్నాను గానీ చిప్ మొత్తానికి 70 దాటకూడదన్న లైను చూడలేదు. వేలు పెడితే చురుక్కుమంది. రెసిస్టర్లు మార్చి ఒక్కోటి 5కి దించాను, వెలుగు తగ్గిందని ఎవరూ అనలేదు.

వాడని ఇన్‌పుట్‌లని గ్రౌండ్‌కో సప్లైకో కట్టేయండి, గాల్లో వదిలేస్తే చెయ్యి దగ్గరికి తెచ్చినా అవుట్‌పుట్ మారిపోతుంది. ప్రతి చిప్ పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సరేసరి.

12 వోల్టులు తప్పనిచోట 4000 సిరీస్ (ఇంకో లాజిక్ చిప్‌ల కుటుంబం) వాడతాను, నిదానమే అయినా మొండిది. 4011, 7400 రెండింట్లోనూ ఉన్నవి నాలుగు నాండ్ గేట్లే (ఇన్‌పుట్‌లన్నీ హై అయితేనే అవుట్‌పుట్ లో అయ్యేవి) కదా అని ఒకదాని సాకెట్‌లో ఇంకోటి గుచ్చకండి, పిన్నుల వరస వేరు.

వేగం ఎక్కువని ఒకసారి 74ఏసీ రకం చిప్‌లు కూడా తెచ్చాను. బ్రెడ్‌బోర్డు మీద పొడుగు వైర్లతో పెడితే కౌంటర్ ఒక్క క్లాక్‌కి రెండుసార్లు లెక్కపెట్టింది. అవి ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.